పాత ఎంజీబీలో హీటర్: వేడి రాకపోవడమూ, వేడి ఆగకపోవడమూ

బెంగళూరులో కారు హీటర్ గురించి ఇంత రాయాలా అని అనిపించడం సహజమే. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి నాటి సంగతి. మామూలు సంవత్సరాల్లో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున పదిహేను డిగ్రీల దగ్గర చలి ఆగిపోతుంది. అయితే సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరి నుంచి పైకప్పు లేని కారులో చీకటితోనే బయలుదేరి నంది కొండకో, పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే హార్సిలీ హిల్స్‌కో వెళ్లి వచ్చినవాళ్లకు మోకాళ్ల మీద వెచ్చటి గాలి ఎంత అవసరమో తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో ముందు అద్దం లోపలి వైపు మసకబారిపోతే దాన్ని తుడిచే సాధనం కూడా, ఏసీ లేని పాత కారులో, హీటర్ ఒక్కటే. ఈ రెండింటినీ మించిన కారణం మరొకటి ఉంది. హీటర్ అనేది కారులో విడిగా అమర్చిన వస్తువు కాదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి మార్గానికే అది ఒక కొమ్మ. ఆ కొమ్మలో తేడా కనిపించిందంటే మానులో ఏదో జరుగుతోందని అనుమానించాలి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఎంజీబీ. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1965లో వచ్చిన గట్టి పైకప్పు జీటీతో కలిపి, ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. 1798 సీసీ బి-సిరీస్ ఇంజిన్, ఇనుప సిలిండర్ హెడ్, రాగి ఇత్తడి రేడియేటర్, వైరింగులో నాలుగు రంగుల తీగలు తప్ప మర్మమేమీ లేని కారు ఇది. తొలి ఏళ్లలో హీటర్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది, అంటే తయారుచేసినవాళ్లూ ఇది కారుకు ప్రాణమని అనుకోలేదన్నమాట. బహుశా అందుకే దాన్ని ఇంజిన్ వెనుక, రేకు గోడ మీద, ఇంకెవరికీ అక్కరలేని చోట ఒక పెట్టెలా కూర్చోబెట్టారు. ఆ కాలపు మిగతా బ్రిటిష్ కార్లలోనూ అమరిక కొంచెం అటూఇటూగా ఇంతే కాబట్టి, ఇక్కడ చెప్పే పరీక్షలు వాటికీ వర్తిస్తాయి.

నీటి దారి ముందు అర్థం కావాలి. ఇంజిన్‌లో వేడెక్కిన నీరు సిలిండర్ హెడ్ వెనుక భాగంలో ఉన్న చిన్న వాల్వ్ గుండా బయటికి వచ్చి, అర అంగుళం లోపలి వ్యాసం ఉన్న రబ్బరు పైపులో హీటర్ పెట్టెలోకి వెళుతుంది. పెట్టెలో ఉన్న కోర్, అంటే సన్నని ఇత్తడి గొట్టాల చిన్న రేడియేటర్, ఆ వేడిని గాలికి ఇచ్చేస్తుంది. చల్లబడిన నీరు ఇంజిన్ పైమూత అయిన రాకర్ కవర్ పక్కగా సాగే లోహపు గొట్టంలో ముందుకు వచ్చి, రేడియేటర్ కింది పైపులో, అంటే నీటి పంపు పీల్చుకునే వైపు కలుస్తుంది. గాలి దారి వేరు: ముందు అద్దానికి దిగువన బానెట్ వెనుక ఉన్న జాలీ నుంచి గాలి లోపలికి దిగి, మోటారు తిప్పే ఫ్యాన్ తోసినప్పుడు కోర్ గుండా సాగి, ఒక రేకు తలుపు ఎటు తిరిగి ఉంటే అటు, అద్దం మీదికో కాళ్ల దగ్గరికో చేరుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న రెండు మరలలో ఒకటి కేబుల్ ద్వారా నీటి వాల్వ్‌ను, రెండోది ఆ తలుపును కదుపుతాయి. వేడి రాలేదంటే తప్పు నీటి దారిలోనైనా ఉండాలి, గాలి దారిలోనైనా ఉండాలి. ఏ దారిలో ఉందో తేలకముందే పెట్టె విప్పడం మొదలుపెట్టడమే ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు. ఎంజీబీ హీటర్ పెట్టెను బయటికి తీయడం అంత ఇరుకైన, విసుగు పుట్టించే పని బ్రిటిష్ కార్లలో తక్కువ.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ముందే ఎదురవుతుంది. చాలా పాత కార్లలో హీటర్ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఇంజిన్‌తో దానికి సంబంధం తెగిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. కోర్ ఎప్పుడో కారడం మొదలై ఉంటుంది. "మన ఊరికి హీటర్ ఎందుకు సార్, బైపాస్ చేసేద్దాం" అని షెడ్డులో ఒక మాట అనుకుని ఉంటారు. వాల్వ్ నుంచి వచ్చిన పైపును అలాగే మడిచి తిరుగు గొట్టానికి కలిపేసి ఉంటారు, లేదా వాల్వ్ తీసేసి ఆ చోట రేకు ముక్క బిగించి ఉంటారు. కాబట్టి ఏ పరీక్షకైనా ముందు బానెట్ ఎత్తి, రెండు పైపులూ పెట్టె దాకా నిజంగా వెళుతున్నాయో లేదో కళ్లతో చూడాలి. మూసేసిన హీటర్‌ను మళ్లీ కలిపేటప్పుడు, దాన్ని ఎందుకు మూశారన్న ప్రశ్నకు జవాబు దొరికాకే నీళ్లు వదలాలి. లేకపోతే ఆ జవాబు కాళ్ల కింది కార్పెట్ మీద కనిపిస్తుంది.

పైపులు సక్రమంగానే ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీటి మట్టం చూడాలి. వేడి ఇంజిన్ మీద ఆ మూత ముట్టుకోకూడదన్నది ఎంత పాత మాటైనా మళ్లీ చెప్పక తప్పదు. బెంగళూరు ఎత్తులో నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. మూత నిలిపే ఒత్తిడి ఒక్కో పౌండుకు ఆ మరుగు స్థానాన్ని సుమారు ఒకటిన్నర డిగ్రీ పైకి నెడుతుంది కాబట్టే ఇంజిన్ నిశ్చింతగా నడుస్తుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా నీరుగా ఉన్నది ఆవిరై ముఖం మీదికి వస్తుంది. మూత అడుగున ఉన్న రబ్బరు వాషరు గట్టిపడి పగిలి ఉంటే నీరు నెమ్మదిగా తగ్గిపోతూ ఉంటుంది, ఎక్కడా చుక్క కనిపించదు. నీరు తగ్గినప్పుడు మొదట ఎండిపోయేది ఎత్తున ఉన్న హీటర్ కోరే. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు వెచ్చగా వచ్చి, సిగ్నల్ దగ్గర ఆగగానే చల్లబడే హీటర్ చాలాసార్లు చెప్పేది ఇదే: పంపు వేగంగా తిరిగినప్పుడు మాత్రమే నీరు అంత ఎత్తుకు ఎక్కుతోంది.

మట్టం సరిగానే ఉన్నా కోర్‌లో గాలి బుడగ చిక్కుకుని ఉండవచ్చు. కూలెంట్, అంటే రేడియేటర్‌లో నింపే మందు కలిపిన నీరు, మార్చిన వెంటనే వేడి ఆగిపోయిందంటే నూటికి తొంభై పాళ్లు దాని పనే. మందు చాలా సులువు. డ్యాష్‌బోర్డు మీది మరను పూర్తి వేడి వైపు తిప్పి వాల్వ్ తెరిచి ఉంచాలి. కోర్ నుంచి తిరిగి వచ్చే పైపును లోహపు గొట్టం దగ్గర ఊడదీసి పైకి ఎత్తి పట్టుకోవాలి. ఒకరు రేడియేటర్‌లో నెమ్మదిగా కూలెంట్ పోస్తుంటే ఆ పైపు చివర మొదట గుడగుడమని గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత గాలి లేని ధార వస్తుంది. ధార వచ్చాక పైపు తొడిగి క్లిప్పు బిగించి, ఇంజిన్‌ను కొంచెం రేస్ చేసి కాసేపు నడిపి, చల్లారాక మళ్లీ మట్టం చూడాలి. ఇలా రెండు మూడుసార్లు గాలి తీసినా నాలుగు రోజులకే మళ్లీ బుడగ చేరుతోందంటే ఆ గాలి బయటిది కాదు. సిలిండర్‌లో మండిన వాయువు హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ హెడ్ కింద సందు మూసే పొర, దాటి నీటిలోకి చొరబడుతోందేమో చూడాలి. చల్లటి ఇంజిన్‌ను మూత తీసి స్టార్ట్ చేసిన వెంటనే, నీరు వేడెక్కకముందే, రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తుంటే అనుమానం బలపడుతుంది. అప్పుడు హీటర్ సంగతి పక్కన పెట్టి ఇంజిన్ సంగతి చూడవలసిందే.

ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ విషయంలో మన మెకానిక్కులకూ కారు తయారుచేసినవాళ్లకూ పాత పేచీ ఒకటి ఉంది. ఎంజీబీకి మామూలుగా 82 డిగ్రీల థర్మోస్టాట్, చలి దేశాలకు 88, వేడి దేశాలకు 74 డిగ్రీలది సూచించారు. ఇక్కడ మాత్రం ఇంజిన్ వేడెక్కుతోందనగానే దాన్ని పీకి పారేయడం ఆనవాయితీ. పీకేసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, ఫలితం మంచిది కాదు. నీరు మొదటి నిమిషం నుంచే రేడియేటర్ చుట్టూ తిరుగుతూ ఉండటంతో జనవరి ఉదయం ఇంజిన్ అరవై డిగ్రీలు దాటదు. కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోక ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మడ్డిగా పేరుకుంటుంది. హీటర్ నుంచి గోరువెచ్చని గాలి మాత్రమే వస్తుంది. గుర్తుపట్టడం తేలిక. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకుంటే, థర్మోస్టాట్ బాగున్న కారులో అది చాలాసేపు చల్లగానే ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేని కారులో, లేదా తెరుచుకునే ఇరుక్కుపోయిన కారులో, ఇంజిన్‌తో పాటే నెమ్మదిగా వెచ్చబడుతుంది.

విప్పి తీసిన థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి వంటింటి గిన్నె, ఒక థర్మామీటరు చాలు. దారం కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీసి స్టవ్ వెలిగించాలి. అడుగుకు తగిలితే లోహపు వేడి నేరుగా ఎక్కి తప్పు లెక్క వస్తుంది. 82 అని ముద్ర ఉన్నది ఆ అంకెకు రెండు మూడు డిగ్రీలు అటూఇటూగా కదలడం మొదలుపెట్టాలి. మధ్యలో ఉన్న ఇత్తడి పళ్లెం మొదట వెంట్రుకవాసి సందు ఇస్తుంది, ఆ సందులోంచి చిన్న బుడగ ఒకటి పైకి వస్తుంది, ఇంకో పది డిగ్రీలు పెరిగేసరికి నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. స్టవ్ ఆపాక అంతే నమ్మకంగా మూసుకోవాలి. వేడికి తెరుచుకుని చల్లారాక సగంలోనే ఆగిపోయేదాన్ని, ఎంత కొత్తగా కనిపించినా, తిరిగి బిగించకూడదు.

ఇంజిన్ సరైన వేడికి చేరుతోందని తేలాక అసలు పరీక్ష హీటర్ పైపుల మీద చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ మర పూర్తిగా తెరిచి, ఫ్యాన్ వేసి, కోర్‌లోకి వెళ్లే పైపునూ తిరిగి వచ్చే పైపునూ ముట్టుకుని చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. రెండూ చల్లగా ఉంటే నీరు అసలు బయలుదేరలేదు. వాల్వ్ దగ్గర చూడాలి. వెళ్లేది చెయ్యి పెట్టలేనంత వేడిగా, వచ్చేది చల్లగా ఉంటే నీరు లోపలే ఆగింది. గాలి బుడగైనా కావాలి, కోర్ పూడిపోయి అయినా ఉండాలి. రెండూ బాగా వేడిగా ఉండి కూడా లోపలికి చల్లటి గాలే వస్తోందంటే నీటి తప్పేమీ లేదు, గాలి దారి చూడాలి. చేతికి బదులు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడేవాళ్లు ఒక మెళకువ గుర్తుంచుకోవాలి: మెరిసే లోహం మీద ఆ పరికరం అబద్ధం చెబుతుంది. గొట్టం మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురి పెడితే నిజం చెబుతుంది. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు రెండు పైపుల మధ్య తేడా పది పదిహేను డిగ్రీల లోపు ఉంటే ప్రవాహం బాగున్నట్టే. ముప్పై దాటితే నీరు పాకుతోందే తప్ప పారడం లేదు.

వాల్వ్ రోగాల్లో సగం కేబుల్ రోగాలే. మర తిరుగుతుంది, లోపల తీగ కదులుతుంది, కానీ బయటి తొడుగును పట్టి ఉంచే క్లిప్పు వదులై తొడుగంతా తీగతో పాటే జారిపోతుంది. వాల్వ్ చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒకరు లోపల మర తిప్పుతుండగా మరొకరు బానెట్ కింద చూస్తే నిమిషంలో తేలిపోయే విషయం ఇది. కేబుల్ బాగుండి వాల్వే కదలకపోతే పట్టకారుతో బలవంతం చేయకూడదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన వాల్వ్ లోపల సున్నపు గార గట్టి రాయిలా పేరుకుని ఉంటుంది, బలవంతం చేస్తే చెయ్యి విరుగుతుంది, లేదా హెడ్‌లోకి దిగిన స్టడ్డు తెగుతుంది. తుప్పు పట్టిన స్టడ్డుకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి, మర్నాడు కొంచెం బిగించి కొంచెం వదులుతూ తీయాలి. తెగిన స్టడ్డును డ్రిల్ చేసి తీయించడానికి లేతు షాపుకు హెడ్ మోసుకుపోవలసి వస్తే, ఆదా చేశామనుకున్న పది నిమిషాలకు రెండు వారాలు చెల్లించినట్టవుతుంది.

ఇదే వాల్వ్‌కు రెండో రోగం ఉంది, బెంగళూరులో ఎక్కువమంది ఫిర్యాదు నిజానికి దాని గురించే. వేడి రాకపోవడం కాదు, ఆగకపోవడం. మర చల్లటి వైపు తిప్పినా వాల్వ్ పూర్తిగా మూసుకోక, కొంచెం కొంచెం వేడి నీరు కోర్‌లోకి జారుతూనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం సిల్క్ బోర్డు కూడలిలో ఇరవై నిమిషాలు చిక్కుకున్న ఎంజీబీలో కాళ్ల దగ్గర కుంపటి పెట్టినట్టు ఉంటుంది. గేర్‌బాక్స్‌ను కప్పి సీట్ల మధ్యగా సాగే రేకు సొరంగం మీదుగా వచ్చే వేడిని హీటర్ వేడి అనుకునే ప్రమాదమూ ఉంది కాబట్టి, హీటర్ మూసి అరగంట నడిపాక కోర్‌లోకి వెళ్లే పైపును ముట్టుకుని చూడాలి. అది పెట్టె దగ్గర కూడా కాలిపోతుంటే వాల్వ్ కారుతున్నట్టు. చల్లగా ఉంటే వేడి ఇంకెక్కడి నుంచో వస్తోంది, అంటే రేకు గోడలో తీగలు దూరే చోట ఉండే రబ్బరు వలయాలు, అంటే గ్రోమెట్లు, రాలిపోయాయి, లేదా సొరంగం మీది స్పాంజి పొర చివికిపోయింది. గ్రోమెట్లు లేని ఆ రంధ్రాల నుంచి వేడితో పాటు సైలెన్సర్ పొగ కూడా రాగలదు. తలనొప్పితో కారు దిగే అలవాటు ఉన్నవాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కారే వాల్వ్‌కు కొత్త వాల్వ్, కొత్త గాస్కెట్ వేయడమే దారి. అది వచ్చేదాకా వేసవికి పైపు మధ్యలో చిన్న ఇత్తడి కుళాయి బిగించి మూసేయడం కొందరు చేసే పని. చూడటానికి అందంగా ఉండదు, కానీ మూసేసిన హీటర్‌ను మరిచిపోవడం కంటే మేలు.

కోర్ పూడిక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని వెనుక ఉన్నవి మన అలవాట్లే. నగరం శివార్లలో బోరు నీరు గట్టిది. కాయిన ప్రతిసారీ గిన్నె అడుగున తెల్లటి పొర వదిలే ఆ నీటినే రేడియేటర్‌లో పోస్తే ఆ పొర కోర్ గొట్టాల లోపల పడుతుంది. రెండోది, రేడియేటర్ కారినప్పుడు దారి మధ్యలో పసుపు పొడి పోయడం. ఆ చిట్కా పనిచేస్తుంది, ఇల్లు చేరుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పసుపుకు గానీ, దుకాణంలో డబ్బాగా దొరికే లీకు మందుకు గానీ ఏది రంధ్రమో ఏది దారో తెలియదు. కారులో అన్నిటికంటే సన్నని నీటి దారులు హీటర్ కోర్‌లో ఉంటాయి, నీరు అన్నిటికంటే నెమ్మదిగా పోయేదీ అక్కడే. కాబట్టి ఆ మడ్డి మొదట కూర్చునేదీ అక్కడే.

కడగడానికి రెండు పైపులనూ ఊడదీసి, మామూలు ప్రవాహానికి ఎదురుగా, అంటే తిరుగు వైపు నుంచి, తోట పైపుతో మెల్లగా నీరు వదలాలి. మొదట వచ్చేది టీ డికాషన్ రంగులో ఉంటుంది. ఇసుకలాంటి గోధుమ పలుకులు బకెట్ అడుగున చేరతాయి. నీరు తేటపడ్డాక వైపు మార్చి మళ్లీ వదలాలి. కంప్రెసర్ గాలితో ఊదడం, కారు కడిగే ప్రెషర్ మెషీన్ పెట్టడం అస్సలు కూడదు. టంకంతో అతికిన అర్ధ శతాబ్దపు గొట్టాలు ఆ ఒత్తిడిని తట్టుకోవు. నీటితో పోని గారకు నిమ్మ ఉప్పు వేడి నీటిలో కరిగించి కోర్‌లో నింపి, గంటో రెండు గంటలో ఉంచి, వదిలేసి, కొంచెం వంట సోడా కలిపిన నీటితో కడిగి, చివర మంచి నీటితో మళ్లీ మళ్లీ కడగాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గార ఇంకా వేగంగా పోతుందన్న మాట నిజమే. గారతో పాటు టంకమూ ఇత్తడీ పోతాయి.

ఇంత చేసినా పారకపోతే, లేదా కోర్ కారుతోందని తేలితే పెట్టె బయటికి రావాలి. కారుతున్న గుర్తులు వానాకాలంలో మోసం చేస్తాయి. కాళ్ల దగ్గర తడి కనిపించగానే కోర్ పగిలిందని తీర్పు చెప్పకూడదు. ఎంజీబీలో అద్దం కింది జాలీ నుంచి దిగిన వాననీరు బయటికి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంది; గుల్‌మొహర్ ఆకులో, వేపాకులో దాని నోట్లో పేరుకుంటే నీరు పెరిగి హీటర్ పెట్టె గుండా క్యాబిన్‌లోకి దిగుతుంది. తడిని తెల్ల గుడ్డతో అద్ది చూస్తే రంగు లేకుండా, జిగురు లేకుండా ఉంటే అది వాన. ఆకుపచ్చో నీలమో రంగు అంటి, వేళ్ల మధ్య జిడ్డుగా అనిపించి, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. హీటర్ వేయగానే అద్దం లోపలి వైపు తుడిచినా పోని జిడ్డు పొర కమ్మితే కోర్ కారుతున్నట్టే లెక్క. వాసన చూడవచ్చు గానీ రుచి మాత్రం చూడకూడదు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం. అందుకే తీసిన పాత కూలెంట్‌ను రోడ్డు పక్క కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి ఉంచాలి, ఆ తీపికి వీధి కుక్కలు నాకి చచ్చిపోతాయి.

బయటికి తీసిన కోర్‌ను రేడియేటర్ పనివాడి దగ్గరికి తీసుకెళ్తే అతడు చేసేది చూడముచ్చటగా ఉంటుంది. ఒక నోరు బిరడాతో మూసి, రెండో నోటికి సైకిల్ పంపు తగిలించి, నీటి తొట్టిలో ముంచి, పది పన్నెండు పౌండ్ల గాలి ఎక్కిస్తాడు. బుడగ ఎక్కడి నుంచి వస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకుని, ఆరబెట్టి, చిలుము గీకి, టంకం వేస్తాడు. ఒకటి రెండు చోట్ల అయితే ఈ పని చాలు. చేప పొలుసుల్లా ఉన్న రేకులు ముట్టుకుంటే రాలిపోతుంటే మాత్రం కొత్త కోర్ తెప్పించడమే తెలివి. ఈ కారుకు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ భాగాలు తయారవుతున్నాయి. పైపులు, క్లిప్పులు, ఫ్యూజులు, గ్రోమెట్ల కోసం అంత దూరం చూడనక్కరలేదు, జేసీ రోడ్డులో తిరిగితే దొరుకుతాయి. కాకపోతే వేడి నీటికీ కూలెంట్‌కూ తట్టుకునే హీటర్ పైపే అడిగి తీసుకోవాలి. తోటకు నీళ్లు పట్టే ప్లాస్టిక్ పైపు ఆ వేడికి రెండు రోజుల్లో మెత్తబడి జారిపోతుంది.

పెట్టె తెరిచి ఉండగానే గాలి దారి పని కూడా ముగించాలి, మళ్లీ తెరవాలన్న కోరిక ఎవరికీ ఉండదు కాబట్టి. రేకు తలుపు అంచులకూ కోర్ చుట్టూనూ ఫ్యాక్టరీలో అంటించిన స్పాంజి ఈపాటికి నల్లటి పొడిగా మారి ఉంటుంది. అది లేకపోతే గాలి కోర్ గుండా వెళ్లక, పక్క సందుల నుంచి చల్లగానే జారిపోతుంది. పైపులు రెండూ కాలిపోతున్నా వేడి రాని కార్లలో ఎక్కువ వాటి కథ ఇదే. సీటు కవర్లు కుట్టే దుకాణంలో దొరికే, నీరు పీల్చని రకం స్పాంజి కోసి అంటిస్తే సరిపోతుంది. పరుపుల్లో వాడే మామూలు స్పాంజి తేమ పీల్చి రేకును తుప్పు పట్టిస్తుంది. కాళ్ల దగ్గర సొరంగం రెండు వైపులా చేత్తో తెరిచే చిన్న తలుపులు ఉంటాయి. అవి మూసి ఉన్నాయని తెలియక హీటర్ మొత్తం విప్పినవాళ్లూ ఉన్నారు.

ఫ్యాన్ తిరగకపోవడం, నీరసంగా తిరగడం కరెంటు సంగతులు. పాత లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అది తెగే ఆంపియర్లు, నిలకడగా మోసేది 17 మాత్రమే. 35 అని చదివి ఈ కాలపు 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే తీగ కాలాకే ఫ్యూజు తెగుతుంది. ఫ్యూజు బాగుండి మోటారు నీరసంగా ఉంటే, మోటారును తిట్టుకునే ముందు దాని దగ్గరికి ఎంత వోల్టేజీ చేరుతోందో, ఫ్యాన్ తిరుగుతుండగానే, మీటరుతో కొలవాలి. తిరగనప్పుడు కొలిస్తే పన్నెండూ కనిపిస్తాయి, అర్థం లేదు. దారిలో ఎక్కడో చిలుము పట్టిన అతుకులో అర ఓము నిరోధం ఉందనుకుంటే, నాలుగు ఆంపియర్లు పారినప్పుడు అక్కడే రెండు వోల్టులు మాయమవుతాయి. ఆ అతుకు ముట్టుకుంటే వెచ్చగా కూడా ఉంటుంది. ఫ్యూజు పెట్టె క్లిప్పులు, తూటాలాంటి అతుకులు, మోటారు ఎర్తు తీగ బాడీకి తగిలే చోటు గీకి శుభ్రం చేస్తే చాలా మోటార్లకు పాత జవం తిరిగి వస్తుంది. కొత్త మోటారు పెట్టేవాళ్లు మాత్రం కారు ఏ ఎర్తుదో చూసుకోవాలి. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ ధ్రువం బాడీకి కలిసి ఉంటుంది. శాశ్వత అయస్కాంతం ఉన్న కొత్త మోటారును ఆ సంగతి మరచి కలిపితే అది ఎదురు తిరుగుతుంది, శబ్దమే తప్ప గాలి రాదు.

అద్దం మీది మసక గురించి ఒక లెక్క చెప్పుకోవచ్చు. ఇరవై డిగ్రీల దగ్గర తేమతో పూర్తిగా నిండిన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల నీరు ఉంటుంది. అదే గాలిని నలభై డిగ్రీలకు వేడి చేస్తే అది దాదాపు 51 గ్రాములు మోయగలదు. అంటే లోపల ఉన్న తేమ మారకపోయినా గాలి మూడో వంతు మాత్రమే నిండినట్టవుతుంది, మిగతా చోటును అద్దం మీది తడితో నింపుకుంటుంది. వాన రోజున హీటర్ వేస్తే ఉక్కగా ఉంటుందని కిటికీ కొంచెం దించి మరీ హీటర్ వేయడంలో ఉన్న తర్కం ఇదే. హీటర్ వేశాక మసక ఇంకా పెరుగుతుంటే కారణం కోర్ లీకైనా అయి ఉండాలి, తడిసిన కార్పెట్ అయినా అయి ఉండాలి.

గాలితో చల్లబడే ఇంజిన్లున్న కార్లకు ఈ వ్యాసంలోని నీటి సంగతులు పట్టవు. 1998 దాకా వచ్చిన పాత పోర్షె 911ల్లో ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ ఉన్న రేకు తొడుగులో గాలి వేడెక్కి క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ గొట్టానికి తుప్పు పట్టి చిల్లు పడితే వెచ్చదనంతో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది కాబట్టి, అక్కడ హీటర్ పరీక్ష సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం.

ఎంజీబీలో ప్రాణం ఇంజిన్‌ది. ఘాట్ ఎక్కుతుండగా గేజి ముల్లు పైకి పోతున్నప్పుడు హీటర్‌ను, ఎండాకాలమైనా సరే, పూర్తిగా తెరిచి ఫ్యాన్ వేయడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. హీటర్ అప్పుడు రెండో రేడియేటర్‌గా పనిచేసి ముల్లును నాలుగు గీతలు దించుతుంది. అదే సమయంలో ముల్లు పైకి పోతూ ఉండగా హీటర్ నుంచి చల్లటి గాలి వస్తే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా ముందుకు పోకూడదు. నీరు హెడ్ వెనుక దాకా చేరడం లేదని, అంటే మట్టం పడిపోయిందనో పంపు ఆగిపోయిందనో దాని అర్థం. గేజి, హెడ్ ముందు భాగంలో వేడిని పసిగట్టే బల్బు చెప్పేది చెబుతుంది, హీటర్ హెడ్ వెనుక భాగం సంగతి చెబుతుంది; ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పనప్పుడు బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.

మరమ్మతు అయ్యాక నింపే కూలెంట్ విషయంలో చలికి గడ్డకట్టకుండా చూసే గుణం బెంగళూరుకు అక్కరలేదు గానీ, తుప్పు ఆపే మందులూ మరుగు స్థానం పెంచే గుణమూ కావాలి. మూడో వంతు గ్లైకాల్, మిగతా డిస్టిల్డ్ నీరు ఈ ఊరికి సరిపోతుంది. రాగి, ఇత్తడి, టంకం ఉన్న పాత ఇంజిన్లకు తగినదని డబ్బా మీద రాసి ఉన్న రకమే తీసుకోవాలి, రెండు రంగులను కలపకూడదు. అంతా బిగించి, గాలి తీసి, పది కిలోమీటర్లు నడిపి వచ్చాక బానెట్ ఎత్తి ప్రతి క్లిప్పు దగ్గర పొడి వేలితో తడిమి చూడాలి. కొత్త రబ్బరు మొదటి వేడికి కొంచెం సర్దుకుంటుంది కాబట్టి క్లిప్పులు చల్లారాక ఇంకో అర చుట్టు అడుగుతాయి. మర్నాటి ఉదయం, స్టార్ట్ చేయకముందు, మూత తీస్తే మట్టం రెండు వేళ్లు దిగి ఉంటుంది. కోర్ మూలల్లో మిగిలిన చివరి గాలి రాత్రికి రాత్రి పైకి వచ్చేసి ఆ చోటు ఖాళీ అయింది. అది నింపి మూత పెట్టాక మరో రెండు ఉదయాలు చూస్తే, మూడో రోజు మట్టం కదలదు.